హిజాబ్ ధరించిన క్రీడాకారిణిని ఆటకు అనుమతించాలా, వద్దా?

ప్రశ్న: బాస్కెట్‌బాల్ శిక్షకుడు

పెద్దలకు, తోటి శిక్షకులకు నమస్కారం. నేను 11 ఏళ్లుగా బాలికల బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తున్నాను. మా జట్టులో బంతిని అందరికంటే నేర్పుగా నడిపించే అమ్మాయికి 16 ఏళ్లు. ఆమె మూడేళ్లుగా హిజాబ్‌తోనే సాధన చేస్తోంది. ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పోయిన నెలలో ఒక పోటీకి వెళ్లినప్పుడు, ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు అధికారి ఒకరు వచ్చి, తల మీద గుడ్డ తీస్తేనే ఆడనిస్తామని చెప్పారు. నేను వాదించబోయాను కానీ, ఏ నియమాన్ని చూపించి వాదించాలో నాకే తెలియలేదు. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనకుండా బెంచీ చివర కూర్చుంది. ఆట జరిగినంతసేపూ బూటు లేసు విప్పడం, మళ్లీ కట్టుకోవడం, అదే పని. నాలుగో క్వార్టర్‌లో కూడా, ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనన్నట్టు, లేసు బిగించుకుని సిద్ధంగానే ఉంది.

తిరిగి వచ్చాక సాటి ఉపాధ్యాయులతో ఈ సంగతి ప్రస్తావిస్తే రెండు రకాల అభిప్రాయాలు వినిపించాయి. ఆటలో అందరి దుస్తులూ ఒకేలా ఉండాలి, మతచిహ్నాలకు అక్కడ చోటు ఇవ్వకూడదు అన్నారు కొందరు. అది ఆమె ఇష్టమని మీరు అనుకుంటున్నారు గానీ ఇంట్లోవాళ్ల ఒత్తిడి అయి ఉండవచ్చు, మీరు అనుమతిస్తే ఆ ఒత్తిడికి మీరూ చేయూతనిచ్చినట్టే అన్నారు మరికొందరు. రెండో మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. భద్రత విషయంలో నిజంగా ప్రమాదం ఉందా, ఉంటే దాన్ని ఎలా పరీక్షిస్తారు, ఒక ఆడపిల్ల స్వేచ్ఛగా వేసుకుందో లేదో తేల్చే హక్కు నాబోటి శిక్షకుడికి ఉందా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత ఫుట్‌బాల్ రిఫరీ

శిక్షకుడు గారికి, ముందుగా నియమాల సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడ సందేహానికి తావు లేదు. మీ ఆటకు అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీబా 2017 అక్టోబరు 1 నుంచి తలను కప్పే వస్త్రాన్ని అనుమతిస్తోంది. షరతులు కొన్నే. వస్త్రం నలుపో, తెలుపో, జట్టు దుస్తుల ప్రధాన రంగో అయి ఉండాలి. ముఖంలో ఏ భాగాన్నీ కప్పకూడదు. ముఖం దగ్గర గానీ మెడ దగ్గర గానీ విప్పి బిగించే అమరిక ఉండకూడదు. ఏ కొసా బయటికి పొడుచుకు రాకూడదు. ధరించినవారికైనా ఎదుటివారికైనా ప్రమాదం కలిగించకూడదు. ఇందులో మతం ఊసే లేదని గమనించండి. గుడ్డ ఎలా ఉండాలో చెప్పారు గానీ, ఎందుకు కట్టుకున్నావని అడగలేదు.

ఈ మార్పు ఊరికే రాలేదు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ మహిళల జట్టు మంగోలియాతో ఆడవలసి ఉండగా, హిజాబ్ తీయాలని అధికారులు చెప్పడంతో ఆడకుండానే వెనుదిరిగింది. అదే ఏడాది చైనాలోని వూహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన భారత జట్టులోని ఇద్దరు సిక్కు ఆటగాళ్ల చేత తలపాగాలు తీయించారు. అంటే పాత నియమం ముస్లిం స్త్రీలను మాత్రమే ఆపలేదు. తల మీద ఏదీ ఉండకూడదని గంపగుత్తగా రాసిన నియమం అది. దానివల్ల ఎవరెవరు ఆటకు దూరమవుతారో రాసినప్పుడు ఎవరూ ఆలోచించలేదని నా అభిప్రాయం.

నా ఆట ఫుట్‌బాల్‌లో ఈ వివాదం ఇంకా ముందే మొదలైంది. 2007లో కెనడాలోని క్విబెక్‌లో 11 ఏళ్ల బాలికను ఒక టోర్నమెంటులో హిజాబ్ కారణంగా బయటికి పంపారు. 2011 జూన్‌లో అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత పోటీకి మైదానంలోకి వచ్చిన ఇరాన్ మహిళల జట్టును జోర్డాన్‌తో ఆడనివ్వలేదు; ఆడని ఆటను 3-0తో ఓడినట్టు లెక్కవేశారు. మెడ చుట్టూ బిగిసిన గుడ్డను ఎవరైనా లాగితే ఊపిరాడదనీ, మెడకు గాయమవుతుందనీ అప్పట్లో చెప్పిన కారణం. ఆ భయం పూర్తిగా అర్థం లేనిదని నేను అనను. గుండుసూదులతో బిగించిన మామూలు ఓణీతో తలతో బంతిని కొట్టబోయే అమ్మాయిని చూస్తే ఏ రిఫరీకైనా గుండె ఝల్లుమంటుంది. అయితే దానికి తగిన పరిష్కారం అమ్మాయిని పంపేయడం కాదు, గుడ్డను మార్చడం. 2012 జులైలో నియమాలు రూపొందించే మండలి ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చింది, 2014 మార్చిలో దాన్ని శాశ్వతం చేసింది. జోర్డాన్ యువరాజు అలీ ఇందుకోసం గట్టిగా పట్టుబట్టారు. 2016లో ఆ జోర్డాన్‌లోనే జరిగిన 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్‌లో ఆతిథ్య జట్టు అమ్మాయిలు హిజాబ్‌తో ఆడారు. 2023 జులై 30న ఎడిలైడ్‌లో దక్షిణ కొరియాపై మొరాకో 1-0తో గెలిచిన ఆటలో నుహైలా బెన్‌జీనా హిజాబ్‌తో డిఫెండర్‌గా ఆడింది. మహిళల సీనియర్ ప్రపంచ కప్‌లో అలా ఆడిన మొదటి క్రీడాకారిణి ఆమే.

పరీక్ష ఎలాగని అడిగారు. అరనిమిషం పని. లోపల సూది గానీ, లోహపు క్లిప్పు గానీ ఉందా అని అడగాలి. చెవుల మీద, గడ్డం కింద ఆమె చేతనే తడిమించి చూపించమనాలి. వెనక కొస చొక్కా లోపలికి దూర్చి ఉందా, వేలాడుతోందా చూడాలి. నేనైతే మహిళా సహాయకురాలు లేకుండా ఈ తనిఖీ చేయించేవాణ్ణి కాదు, ఎవరి చేయీ అమ్మాయి తల మీద పడనిచ్చేవాణ్ణి కాదు.

ఇది రాయకుండా ఉండలేను. నియమం మారకముందు నేనే ఒక అమ్మాయిని పక్కకు పంపాను. పుస్తకంలో లేదు కాబట్టి కుదరదన్నాను. ఆమె నాతో వాదించలేదు, జెర్సీ మడిచి శిక్షకుడి చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ జెర్సీని ఎంత పొందికగా మడిచిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. సూది తీసి కట్టుకుని రమ్మని చెప్పగలిగి ఉండీ ఆ మాట నా నోట రాలేదు. అది నా తప్పు.

జవాబు 2: న్యాయశాస్త్ర విద్యార్థి

పై జవాబులోని వివరాలతో నాకు పేచీ లేదు. అయితే భద్రత ప్రశ్న తీరిపోయినంత మాత్రాన అసలు ప్రశ్న తీరిపోదని నా వాదన. క్రీడా మైదానం అందరూ తమ తమ గుర్తింపులను గడప బయట వదిలి ప్రవేశించవలసిన చోటు అనే ఆలోచనకు విలువ ఉంది. ఫ్రాన్స్ అనుసరిస్తున్నది ఆ ఆలోచననే. అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య తన పోటీల్లో కంటికి కనిపించే మతచిహ్నాలన్నిటినీ నిషేధించింది, ఒక్క హిజాబ్‌నే కాదు. 'లే హిజాబ్యూజ్' అనే క్రీడాకారిణుల బృందం ఆ నిషేధాన్ని సవాలు చేస్తే, 2023 జూన్ 29న దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం సమాఖ్య పక్షానే తీర్పు చెప్పింది. పోటీలు సజావుగా సాగడానికీ, ఘర్షణలు రాకుండా ఉండడానికీ సమాఖ్య ఇలాంటి నియమం పెట్టుకోవచ్చునని కోర్టు భావించింది. బాస్కెట్‌బాల్, వాలీబాల్ సమాఖ్యలూ అదే దారిలో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడి సెనేట్ దీన్ని అన్ని క్రీడా పోటీలకూ వర్తింపజేసే బిల్లును ఆమోదించింది.

నాకు ముఖ్యంగా తోచేది మైనరు బాలికల సంగతి. 16 ఏళ్ల అమ్మాయి మతాచారాన్ని స్వయంగా ఎంచుకుందని మనం ఎంత సులువుగా అనేస్తున్నామో ఆలోచించండి. జట్టులో ఒకరు వేసుకుంటే, అదే మతానికి చెందిన మరో అమ్మాయి మీద 'నువ్వెందుకు వేసుకోవు' అనే ఒత్తిడి రాదా? వేసుకోని అమ్మాయికి కూడా ఒక రక్షణ కావాలి కదా. అందరికీ ఒకే నియమం ఉంటే, నియమం ఒప్పుకోదు అని ఇంట్లో చెప్పుకోవడానికి ఆమెకు ఒక ఆధారం దొరుకుతుంది. ముస్లింల మీద ద్వేషంతో నేను ఈ మాట అనడం లేదు. నుదుటి మీద, మెడలో, చేతికి కనిపించే ఏ మతచిహ్నానికైనా నేను ఇదే చెబుతాను.

జవాబు 3: ఒకప్పటి హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి

మాస్టారూ, నేను ఎనిమిదేళ్లు హిజాబ్‌తో హ్యాండ్‌బాల్ ఆడాను. పై మిత్రుడు మర్యాదగా రాశారు, కాబట్టి నేనూ అంతే మర్యాదగా, కానీ సూటిగా జవాబు ఇస్తాను.

ముందు గుడ్డ సంగతి. మొదట్లో నేను మామూలు నూలు స్కార్ఫునే గడ్డం కింద సూదితో బిగించి ఆడేదాన్ని. పది నిమిషాల్లో చెమటకు తడిసి బరువెక్కి నుదుటి మీదికి జారేది. తడిగుడ్డ చెవులకు అతుక్కుంటే వెనక నుంచి గోల్‌కీపర్ కేకలు సగమే వినిపించేవి. బంతి పట్టడానికి రెండు చేతులూ ఎత్తినప్పుడల్లా ఒక చేయి స్కార్ఫు సర్దుకోవడానికి పోయేది. దానివల్ల ఎన్ని పాసులు జారవిడిచానో లెక్కలేదు. తరువాత, తల మీదుగా తొడుక్కునే, సూదులు అక్కర్లేని సాగే గుడ్డ హిజాబ్ దొరికింది. ఒక్క వారంలో నా ఆట మారిపోయింది, ఎందుకంటే నా రెండు చేతులూ నాకు తిరిగొచ్చాయి. నైకీ లాంటి సంస్థ 2017లో ఇలాంటివి అమ్మకానికి పెట్టినప్పుడు కొందరు దాన్ని వ్యాపారమన్నారు. వ్యాపారమే కావచ్చు. ఆడే అమ్మాయికి మాత్రం అది బూటు లాంటి సామగ్రి.

ఇక ఇష్టమా, ఒత్తిడా అన్న ప్రశ్న. 13 ఏళ్లప్పుడు నేను హిజాబ్ ఎందుకు వేసుకున్నానంటే ఇంట్లో అందరూ వేసుకునేవారు కాబట్టి. దాన్ని ఇష్టమంటారో, అలవాటంటారో నాకు తెలియదు. 19 ఏళ్లప్పుడు నేను ఆలోచించుకుని, వేసుకోవాలనే నిర్ణయించుకున్నాను. మా పిన్ని కూతురి కథ వేరు. తల కప్పుకుంటేనే ఆటకు పంపుతామన్నారు, ఆమె ఒప్పుకుంది. చదువు పూర్తయి సొంత కాళ్ల మీద నిలబడ్డాక తీసేసింది. ఆ రోజుల్లో మైదానంలో నిషేధమే ఉండి ఉంటే నా సంగతి సరే, ఆమె గతి ఏమయ్యేది? గుడ్డ తీసి ఆడి ఉండేది కాదు, ఇంటి గడపే దాటి ఉండేది కాదు. 'నియమం ఒప్పుకోదు' అని ఇంట్లో చెబితే 'అయితే ఆడటం మానెయ్' అనే జవాబు వస్తుంది. ఆ జవాబు వచ్చే ఇంటి అమ్మాయికే ఆట అందరికంటే ఎక్కువ అవసరం. ఆమె సొంతంగా ఊపిరి పీల్చుకునే గంట అది ఒక్కటే.

వేసుకోని అమ్మాయి మీద ఒత్తిడి రావచ్చన్నారు. వస్తుంది, నేను చూశాను. దాన్ని ఆపవలసింది శిక్షకుడు. జట్టులో ఎవరూ ఎవరి దుస్తుల గురించీ మాట్లాడకూడదని మొదటి రోజే చెప్పి, ఆ మాట మీద నిలబడితే చాలు. ఒకరిని ఒత్తిడి నుంచి కాపాడడానికి ఇంకొకరిని బయటికి పంపడం ఏ లెక్కన రక్షణ అవుతుందో నాకు బోధపడదు.

మాస్టారు గారు అడిగిన హక్కు గురించి ఒక మాట. తేల్చే హక్కు మీకు లేదండీ. కానీ వినే బాధ్యత ఉంది. ఆమెను నలుగురిలో అడగకండి, తండ్రి ముందు అసలే వద్దు. 'ఏదైనా ఇబ్బంది ఉంటే నాకు చెప్పమ్మా, నీ స్థానం ఎక్కడికీ పోదు' అని ఒక్కసారి చెప్పి వదిలేయండి.

జవాబు 4: చదరంగం అభిమాని

ఈ చర్చలో ఇరాన్ పేరు ఫుట్‌బాల్ సందర్భంలోనే వచ్చింది, రెండో వైపు ఎవరూ చూడలేదు. బలవంతంగా తీయించడం ఒక సమస్య అయితే, బలవంతంగా వేయించడం అంతకంటే పెద్ద సమస్య. 2017 మహిళల ప్రపంచ చదరంగ పోటీ టెహ్రాన్‌లో జరిగినప్పుడు ఏ దేశపు క్రీడాకారిణి అయినా తల కప్పుకోవలసిందే. అమెరికా తరఫున ఆడే నాజీ పైకిడ్జే ఈ కారణంతోనే వెళ్లలేదు. మన ద్రోణవల్లి హారిక వెళ్లింది, తల మీద వస్త్రంతోనే ఆడి కాంస్యం గెలిచింది. అంతకుముందు 2016లో షూటర్ హీనా సిద్ధూ టెహ్రాన్‌లో జరిగే ఆసియా ఎయిర్‌గన్ పోటీలకు వెళ్లనని చెప్పేసింది. 2018లో సౌమ్యా స్వామినాథన్ ఇరాన్‌లోని హమదాన్‌లో జరిగే ఆసియా జట్ల చదరంగ పోటీ నుంచి తప్పుకుంది. వెళ్లినవారినీ, వెళ్లనివారినీ నేను ఒకేలా గౌరవిస్తాను. ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని ఒక వస్త్రం కోసం వదులుకోవాలా అని వాళ్లను తేల్చుకోమన్నవారిదే తప్పు.

ఇరాన్ క్రీడాకారిణుల కష్టం ముందు ఇవన్నీ చిన్నవే. 2016 రియోలో తైక్వాండో కాంస్యంతో ఆ దేశానికి తొలి మహిళా ఒలింపిక్ పతకం తెచ్చిన కిమియా అలీజాదే 2020లో దేశం విడిచింది. వాళ్లు వేసుకోమన్నదే వేసుకున్నానని రాసింది. తల సరిగా కప్పుకోలేదని పట్టుకున్న ఇరాన్ యువతి మహ్సా అమీనీ పోలీసుల నిర్బంధంలో మరణించిన తరువాత, 2022 అక్టోబరులో సోల్‌లో జరిగిన గోడ ఎక్కే పోటీలో (స్పోర్ట్ క్లైంబింగ్) ఇరాన్ క్రీడాకారిణి ఎల్నాజ్ రెకాబీ తల కప్పుకోకుండా పాల్గొంది. ఆ డిసెంబరులో కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఇరాన్ చదరంగ క్రీడాకారిణి సారా ఖాదెం తల కప్పుకోకుండా బల్ల ముందు కూర్చుంది. ఆ తరువాత స్పెయిన్‌లో స్థిరపడవలసి వచ్చింది.

ఇక్కడ న్యాయశాస్త్ర విద్యార్థి మిత్రుడికి నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. ఫ్రాన్స్‌నూ ఇరాన్‌నూ ఒకే గాటన కట్టను. ఒకచోట ఆట పోతుంది, ఇంకొకచోట స్వేచ్ఛే పోవచ్చు. ఆ తేడా చిన్నది కాదు. అయినా సారా ఖాదెంకు మనం చప్పట్లు కొట్టేది ఎందుకు? తల మీది వస్త్రం గురించి నిర్ణయం తనదేనని నిరూపించినందుకు. అదే నిర్ణయం ఇంకో అమ్మాయి ఇంకోలా తీసుకుంటే, అప్పుడు మన చప్పట్లు ఎందుకు ఆగిపోవాలి? 2024 పారిస్ ఒలింపిక్స్ సమయంలో ఫ్రాన్స్ తన క్రీడాకారిణులకు మాత్రమే నిషేధం పెట్టింది. తన పరుగుల రాణి సౌంకాంబా సిల్లాను ప్రారంభోత్సవంలో హిజాబ్ బదులు టోపీతో సరిపెట్టుకోమన్నారు. అదే పారిస్‌లో మారథాన్ గెలిచిన నెదర్లాండ్స్ క్రీడాకారిణి సిఫాన్ హసన్ హిజాబ్‌తో పతకం అందుకుంది. ఒకే నగరం, ఒకే క్రీడలు, ఒకే వస్త్రం. ఒకరికి తప్పైనది ఇంకొకరికి ఎలా ఒప్పైందో, గుర్తింపులను గడప బయట వదలాలనే తటస్థత సూత్రంతో వివరించడం నాకు సాధ్యం కావడం లేదు.

ముస్లిం స్త్రీల సంగతి కాకపోయినా ఇది కూడా చూడండి. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు బికినీకి బదులు పొట్టి నిక్కర్లు వేసుకున్నందుకు 1500 యూరోల జరిమానా పడింది. హిజాబ్ అయినా, నిక్కరు అయినా, ఎక్కువ కప్పుకున్నారని శిక్షించే అధికారం క్రీడా సంఘాలకు ఇన్నాళ్లూ ఎవరూ ప్రశ్నించకుండానే దఖలు పడింది.

జవాబు 5: న్యాయశాస్త్ర విద్యార్థి

పారిస్ ఉదాహరణకు నా దగ్గర సరైన సమాధానం లేదు, ఒప్పుకుంటున్నాను. ఆతిథ్య దేశం తన జాతీయ జట్టును ప్రభుత్వ ప్రతినిధిగా భావిస్తుందని అనవచ్చు గానీ, ఊళ్లలో ఆదివారం ఆడుకునే చిన్న క్లబ్బు అమ్మాయికి ఆ తర్కం వర్తించదు. ఫ్రాన్స్ కేసులో కోర్టుకు సలహా ఇచ్చే అధికారి కూడా తీర్పుకు ముందు క్రీడాకారిణుల వైపే మొగ్గారని చదివాను. మైనర్ల మీద ఒత్తిడి గురించిన నా ఆందోళన మాత్రం అలాగే ఉంది. అయితే పిన్ని కూతురి సంగతి చదివాక, నిషేధం ఆ ఒత్తిడికి మందు కాదేమోనని మొదటిసారి అనిపించింది. ఇంకా ఆలోచించాలి.

ప్రశ్న అడిగిన శిక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఫీబా నియమాన్ని తెలుగులోకి రాసుకుని, మూల పాఠంతో కలిపి పోటీ నిర్వాహకులకు లేఖ పంపాను. ఇంకో ప్రతిని బంతులు పెట్టుకునే సంచిలో ఉంచాను. ఆ అమ్మాయితో సాధన అయ్యాక విడిగా మాట్లాడాను. నేను చెప్పింది విని, 'సార్, ఆ రోజు నన్ను పంపేశారని కాదు, మీరు ఏమీ మాట్లాడలేకపోయారని బాధపడ్డాను' అంది. దానికి క్షమాపణ చెప్పాను. వచ్చే పోటీకి సూదులు లేని నల్ల హిజాబ్ తెప్పిస్తున్నాను. కొలత ఎలా చూడాలో, ఒకటి సరిపోతుందో లేదో హ్యాండ్‌బాల్ ఆడిన అమ్మ చెప్పగలరు.

జవాబు 6: ఒకప్పటి హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి

మాస్టారూ, రెండు తెప్పించండి. మొదటి సగంలోనే ఒకటి తడిసిపోతుంది, విరామంలో మార్చుకోవాలి. గడ్డం కింద ఒక వేలు సులువుగా దూరాలి, రెండు దూరితే వదులైనట్టు. కొత్తది ఒకసారి ఉతికాక కొంచెం సాగుతుంది, కాబట్టి పోటీకి ముందు కనీసం వారం రోజులు దానితోనే సాధన చేయించండి. మార్చుకోవడానికి తలుపున్న గది ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. లేకపోతే జట్టులోని అమ్మాయిలే ఆమె చుట్టూ నిలబడి దుప్పటి పట్టుకుంటారు. మా జట్టు వాళ్లు నాకు అలాగే పట్టుకునేవారు.